మేడ మీద అలంకార గడ్డి: ముందు ఉప్పు సంగతి చూడండి

ఫౌంటెన్ గ్రాస్ అనే ఈ అలంకార గడ్డి ఆకుల కొసలు ఎండుతున్నాయనగానే చాలామంది ఎరువు సంచి విప్పుతారు. వద్దండీ. మా లాసన్స్ బే కాలనీలా విశాఖలో సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో ముందు అనుమానించాల్సింది ఉప్పుని. గాలితో వచ్చి ఆకుల మీద పేరుకునేది ఒకటి, బోరు నీళ్లతో మట్టిలోకి దిగేది ఇంకొకటి. బోరు నీళ్లు పోసే కుండీలో మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే రెండోదే అనుకోండి. కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా నిదానంగా పొయ్యాలి. కింది ప్లేటులో చేరిన నీళ్లు వెంటనే పారబోయండి, లేకపోతే ఆ ఉప్పే మళ్లీ పైకెక్కుతుంది. ఇక గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకుల్ని పైపుతో కడిగేయాలి. అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల నెలలు (2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే). వాయుగుండం అన్న మాట వినపడగానే నేను కుండీలు గోడవారకి జరిపి, ఒక్కో దుబ్బునీ వదులుగా తాడుతో చుట్టేస్తాను.

దుబ్బు విడిపోయి నలువైపులా వాలిపోతే నీడ ఎక్కువైనట్టు, లేదా యూరియా ఎక్కువైనట్టు. ఆరు గంటలైనా ఎండ తగిలే చోటికి మార్చండి. ఏడాదికి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు దీనికి చాలు.

మధ్యలో బోడిగా ఎండి చుట్టూ పచ్చగా ఉంటే అది తెగులు కాదు, వయసు. జూన్‌లో నాలుగు వానలు పడ్డాక దుబ్బు పెకలించి చీల్చండి. కత్తి కంటే పాత రంపం మేలు, వేళ్లు అంత గట్టివి. నడిమి భాగం పారేసి, అంచు పిలకల్ని నాలుగేసి చొప్పున నాటుకోండి. పొడుగు చేతుల చొక్కా మాత్రం మరవద్దు, ఆకు అంచు కోస్తుంది.

చీమల బారు కుండీ ఎక్కుతుంటే ఆకు తొడుగులు విప్పి చూడండి, పిండినల్లి (రసం పీల్చే తెల్లటి పురుగు) ఉండొచ్చు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి వారానికోసారి సాయంత్రం తొడుగుల్లోకి దిగేలా కొట్టాలి. మరీ ముదిరితే జానెడు ఎత్తుకి కోసేసి, ఆ కోతని కంపోస్టులో కాకుండా చెత్తబండిలో వేయండి.

వానల్లో నారింజ రంగు పొడి వేలికంటితే తుప్పు తెగులు. పట్టిన ఆకులు తీసేసి, సాయంత్రాలు ఆకులు తడపడం మానండి.

ఊదా రకం పెద్దగా విత్తనం కట్టదు. ఆకుపచ్చ రకానికి మాత్రం కంకి ముదరకముందే కత్తెర పెట్టండి, గాలికి ఎగిరి పక్కింటి కుండీల్లోనూ మొలుస్తుంది.

నేరుగా గాలి కొట్టే మూలలో ఫౌంటెన్ గ్రాస్ ఎన్నిసార్లు పెట్టినా మాడిపోతుంటే పంతానికి పోకండి, అక్కడ వట్టివేరు వేసుకోండి.