బండి ఎత్తు పెంచే ముందు అడుగుభాగానికి రక్షణ: సమస్య - పరిష్కారం

ఉదయగిరి కొండ చుట్టూ ఉన్న డొంకల్లోనో, పెంచలకోన దగ్గర వెలిగొండల అంచున సాగే రాళ్ల బాటల్లోనో బండి అడుగున ఒక్కసారి గట్టిగా రాయి తగిలితే చాలు, మనవాళ్లు ముందుగా అడిగేది బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు ధర ఎంత అని. తగిలింది ఎక్కడ అన్న ప్రశ్న అంతకన్నా ముందు రావాలి. దానికి జవాబు తెలియకుండా ఎత్తు పెంచితే ఖర్చయ్యాక కూడా అదే రాయి అదే చోట తగులుతుంది. నా బండి విషయంలో జరిగింది అదే కనుక ఈ క్రమాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

సమస్య: అడుగున శబ్దం వచ్చింది, ఏది తగిలిందో తెలియడం లేదు

పాత గీతలూ కొత్త గీతలూ కలిసిపోయి ఉండటమే ఇందుకు కారణం. బండిని గుంట మీద నిలబెట్టి, అడుగుభాగం కడిగి ఆరబెట్టి, సుద్దను నీళ్లలో చిక్కగా కలిపి ఆయిల్ చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), గేర్ బాక్సు కింద ఉన్న అడ్డపట్టీ, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే పెట్టె), డీజిల్ ట్యాంకు, వెనుక హౌసింగు (వెనుక ఇరుసును, దాని గేర్లను కప్పే తొడుగు), షాక్ అబ్జార్బర్ల కింది బ్రాకెట్లు, ఇన్నిటికీ పలుచగా పూయండి. సైలెన్సర్ గొట్టాన్ని మాత్రం వదిలేయండి. సుద్దకు బదులు తడి సున్నం వాడవద్దు, ఎందుకంటే అది అల్యూమినియంతో చేసిన గేర్ బాక్సు తొడుగును తినేస్తుంది. తర్వాత మీరు మామూలుగా వెళ్లే దారిలోనే ఒకసారి వెళ్లి వచ్చి, టార్చి పట్టుకుని కింద చూడండి.

నేను చూసినప్పుడు తెల్లటి పూత మూడు చోట్ల పోయి ఉంది. అడ్డపట్టీ ముందు అంచున వేలెడంత మేర, వెనుక హౌసింగు అడుగున అరచేయంత మేర, కుడివైపు షాక్ బ్రాకెట్ మూలన చిన్నగా. అన్నిటికన్నా ఎక్కువగా భయపడిన ఆయిల్ చాంబర్ మీద ఒక్క గీత కూడా లేదు. అయినా అక్కడ ప్లేటు, అంటే రాయి దెబ్బను కాచుకునే లోహపు రేకు, వద్దని కాదు. హౌసింగు ఎన్నో దెబ్బలకు ఓర్చుకుంటుంది, చాంబర్‌కు ఒక్క దెబ్బ చాలు. కనుక ఎంపికలో రెండు లెక్కలు వేయాలి, ఎక్కడ తరచుగా తగులుతోంది, ఎక్కడ తగిలితే బండి అడవి అంచునే ఆగిపోతుంది.

సమస్య: లిఫ్ట్ వేయించినా వెనుక హౌసింగు రాళ్లకు తగులుతూనే ఉంది

ఇది అన్నిటికన్నా ఎక్కువగా అపార్థం చేసుకునే విషయం. వెనుక ఇరుసు ఒకే దూలంలా రెండు చక్రాలనూ కలిపే బండ్లలో, అంటే థార్ వెనుక భాగంలోను, జిమ్నీకి ముందూ వెనుకా, హౌసింగు చక్రాలతో పాటే ఉంటుంది. పొడవు స్ప్రింగులు వేస్తే బాడీ, ఛాసిస్, వాటికి బిగించినవన్నీ లేస్తాయి గానీ హౌసింగు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపగలిగింది టైరు ఒక్కటే, అది కూడా పెరిగిన వ్యాసంలో సగం మేరకే. ఉదాహరణకు 245/75 ఆర్16 టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు, 265/75 ఆర్16 అయితే సుమారు 804. ఆ 30 మిల్లీమీటర్ల తేడాలో హౌసింగుకు దక్కేది 15 మాత్రమే. అంటే మన బొటనవేలి వెడల్పు కూడా లేదు.

కాబట్టి సుద్ద పోయింది హౌసింగు దగ్గరైతే లిఫ్ట్ మాట పక్కన పెట్టి, హౌసింగు అడుగుకు సరిపోయే మందపాటి రక్షణ కవచం వేయించుకోవడం, రాయిని రెండు చక్రాల నడుమకు తీసుకోకుండా టైరు మీదుగా ఎక్కించడం మేలు. పోయింది బండి నడుమ, అడ్డపట్టీ దగ్గరైతే అక్కడ లిఫ్ట్ నిజంగానే పనికొస్తుంది. అయినా ముందు ప్లేటే వేయాలని నేను గట్టిగా చెబుతాను. ఎత్తు వల్ల దెబ్బల సంఖ్య తగ్గుతుంది గానీ తగిలిన దెబ్బను ఎత్తు ఆపలేదు. పైగా ఎత్తు పెరిగితే గురుత్వ కేంద్రం కూడా పైకి పోయి, వాలు మీద అడ్డంగా వెళ్లేటప్పుడు బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది.

సమస్య: చాంబర్ సొట్టపోయింది, లేదా ఆయిల్ ఎర్రదీపం వెలిగింది

చాంబర్ లోపల అడుగుకు కొద్ది ఎత్తులోనే ఆయిల్ పీల్చే జల్లెడ ఉంటుంది. బయట చుక్క కూడా కారకపోయినా సొట్ట లోపలికి దిగి ఆ జల్లెడను మూసేస్తే ఇంజనుకు ఆయిల్ అందదు. దీపం వెలిగిన క్షణంలోనే ఇంజను ఆపి, బండిని కట్టి లాగించుకోవాలి. ఊరి దాకా మెల్లగా వెళ్దామనుకుంటే బేరింగులు పోతాయి.

ఇక్కడ ప్లేటును ఎంచుకునేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ప్లేటు ఛాసిస్‌కు బిగియాలి, ఇంజనుకు గానీ గేర్ బాక్సుకు గానీ కాదు. ప్లేటుకూ చాంబర్‌కూ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. బండి బరువంతా రాయి మీద ఆనినప్పుడు ప్లేటు ఎంతో కొంత వంగుతుంది, ఆ వంపుకు చోటు కావాలి. మందం సంగతి మన నేలను బట్టి తేల్చుకోవాలి. మార్కాపురం వైపు పలకరాయి పొరలుగా లేచి కత్తి అంచులా నిలబడుతుంది. చీమకుర్తి క్వారీల చుట్టూ దారుల్లో పగిలిన గ్రానైటు మూలలు బాగా పదునుగా ఉంటాయి. అలాంటి అంచుల మీద అల్యూమినియం కొరుక్కుపోయి పట్టుకుంటుంది, ఇనుప రేకు జారుతుంది. పెన్న ఇసుకలోను, సరుగుడు తోటల దారుల్లోను తిరిగే బండికి మాత్రం అల్యూమినియం చక్కగా సరిపోతుంది.

బరువును లెక్క కట్టడం కష్టమేమీ కాదు. చదరపు మీటరు వైశాల్యంలో 4 మిల్లీమీటర్ల ఇనుప రేకు సుమారు 31 కిలోలు, 6 మిల్లీమీటర్ల అల్యూమినియం సుమారు 16 కిలోలు తూగుతుంది. చాంబర్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు దాకా ఇనుముతో కప్పి, వెనుక ట్యాంకుకు కూడా వేస్తే ఒక మనిషి బరువును ఎప్పటికీ మోస్తున్నట్టే. ఎత్తు పెంచడానికి ముందే ప్లేట్లు ఎందుకు వేయాలో ఇక్కడ తెలుస్తుంది. లిఫ్ట్ స్ప్రింగులు మోయవలసిన బరువును బట్టి రకరకాలుగా వస్తాయి. ఖాళీ బండికి తగిన స్ప్రింగులు కొని, తర్వాత ప్లేట్లు తగిలిస్తే కొన్న ఎత్తులో కొంత అక్కడే కుంగిపోతుంది. ప్లేట్లు బిగించాక, మామూలుగా తీసుకెళ్లే సామానుతో వేబ్రిడ్జికి వెళ్లి, ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం బండిని ఎక్కించి మరోసారి తూకం వేయించండి. ఆ రెండు చీటీలూ చూపించి స్ప్రింగులు అడగండి.

సమస్య: ప్లేటు వేశాక ఇంజను వేడెక్కుతోంది, లేదా కాలిన గడ్డి వాసన వస్తోంది

నేను మొదట స్థానికంగా ఒక వెల్డింగ్ షాపులో చేయించిన ప్లేటుకు ఒక్క గాలి రంధ్రం కూడా లేదు. ఎండాకాలం మధ్యాహ్నం కనిగిరి దారిలో ఇంజను వేడి సూచీ ఎప్పుడూ లేనంత పైకి పోయింది. ప్లేటు విప్పితే పైన రెండంగుళాల మందాన బురద ఎండి గట్టిపడి, దానిలో గడ్డి చిక్కుకుని ఉంది. గాలి ఆడటానికి వెనుకకు తెరుచుకునే చీలికలు, బురద జారిపోవడానికి రంధ్రాలు, ఆయిల్ మార్చడానికి చాంబర్ బోల్టుకు ఎదురుగా ఒక తలుపు, ఈ మూడూ లేని ప్లేటును తీసుకోవద్దు. గడ్డి విషయంలో అశ్రద్ధ అసలే పనికిరాదు. బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో పొగగొట్టపు ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునే సమయంలో దాని లోపలి వేడి సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. ఎండుగడ్డి బయలు దాటిన ప్రతిసారీ దిగి, కింద చూసి, చిక్కుకున్నదాన్ని కర్రతో లాగేయాలి.

సమస్య: ప్లేటు అంచు రాయికి పట్టుకుంటోంది, బోల్టులు విప్పడానికి రావడం లేదు

రెండు ప్లేట్లు కలిసే చోట ముందు ప్లేటు వెనుక అంచు కిందుగా, వెనుక ప్లేటు ముందు అంచు దాని పైన దాగి ఉండాలి. తిరగేసి వేస్తే వెనుక ప్లేటు రాయిని నాగలి కర్రులా పొడుస్తుంది. వెనక్కు నడిపేటప్పుడు ఎలాగూ కొంత పట్టుకుంటుంది కనుక అన్ని అంచులనూ పైకి వంచి ఉంచాలి. బోల్టు తలలు బయటికి ఉబికి ఉంటే నాలుగు రాళ్లకే అరిగిపోయి, స్పానరుకు పట్టు దొరకదు. తలలు ప్లేటు లోపలికి దిగేలా గుంటలు తీయించి, 8.8 గ్రేడు బోల్టులకు గ్రీజు పట్టించి బిగించండి. ఛాసిస్‌కు వెల్డింగ్ మాత్రం చేయనివ్వవద్దు.

మైపాడు, కొత్తపట్నం తీరాల్లోను, ఇసకపల్లి ఉప్పుమడుల పక్కన తిరిగినప్పుడు ఆ రోజే ప్లేటు పైభాగాన్ని మంచినీళ్లతో కడగాలి. అల్యూమినియం ప్లేటుకు ఇనుప బోల్టులు వాడితే ఉప్పు తడి తగిలి, కలిసే చోట అల్యూమినియం పొడిలా రాలిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు ఉంచండి.

సమస్య: లిఫ్ట్ తర్వాత ప్లేటు కుదరడం లేదు, ముందు షాఫ్టు రబ్బరు తొడుగు చిరిగింది

కొత్త థార్‌కు ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి కనుక అక్కడి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) ఛాసిస్‌తో పాటు లేస్తుంది, దాని నుంచి చక్రాలకు వెళ్లే షాఫ్టుల కోణం పెరిగి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. దాన్ని సరిచేయడానికి కొన్ని కిట్లలో డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు ఇస్తారు. అవి వేస్తే ముందు ప్లేటు రంధ్రాలు కలవవు, మీరు కోరుకున్న ఎత్తులో కొంత తిరిగి పోతుంది. అందుకే ప్లేటు కొనేటప్పుడే, తర్వాత వేయబోయే కిట్టు పేరు చెప్పి, దానితో కుదురుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కాబట్టి స్ప్రింగులకు డబ్బు కట్టే ముందు రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా సంస్థలోను విచారించండి.

ప్లేట్లు బిగించాక మొదటి వంద కిలోమీటర్లకు బోల్టులన్నీ ఒకసారి మళ్లీ బిగించి, సుద్ద మళ్లీ పూసి, అదే దారిలో వెళ్లి రండి. ఈసారి గీతలు ప్లేట్ల మీదే ఉండి, నడుమ భాగంలో లోతుగా పడి ఉంటే లిఫ్ట్ గురించి ఆలోచించవచ్చు. గీతలు పైపైనే ఉంటే ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టుకోండి.