రివాల్వర్ చేతికి కుదరట్లేదా? తప్పు ఎక్కడుందో ముందు చూడండి

టెక్సాస్‌లో కొత్తగా రివాల్వర్ కొన్న మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు కాస్త అటూఇటూగా కింద ఉన్నవే. చాలాసార్లు తప్పు చేతిది కాదు, కొన్న తుపాకీది. రోజూ నడుముకు పెట్టుకోవడానికీ, రేంజ్‌లో (కాల్పుల ప్రాక్టీసు చేసే చోట) గంటసేపు కాల్చడానికీ ఒక్కటే సరిపోతుందనుకుని, షాపులో పట్టుకుంటే తేలిగ్గా ఉందని చిన్నది కొనేస్తారు.

కొనకముందే ఇది చూసుకోండి: హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో పర్మిట్ లేకుండా క్యారీ చేయొచ్చు (తుపాకీ వెంట పెట్టుకు తిరగొచ్చు) కదా అంటారు, ఆ రాష్ట్ర చట్టం ఈ విషయంలో మిమ్మల్ని కాపాడదు. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఈ వీసా అడ్డు ఉండదు.

పది రౌండ్లకే (తూటాలకే) చెయ్యి మండుతోందా?
బరువు చాలకే. స్మిత్ అండ్ వెస్సన్ 642 అనే చిన్న రివాల్వర్ బరువు 400 గ్రాముల పైచిలుకు. జేబులో ఉన్నట్టే ఉండదు, కానీ తేలికైన తుపాకీ గట్టిగా వెనక్కి తన్నుతుంది. రెండో తూటాల డబ్బా విప్పేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోతుంది. పెద్ద రబ్బరు గ్రిప్ వేయించండి, ప్రాక్టీసుకు .38 స్పెషల్ రకం తూటాల్లో 148 గ్రెయిన్ (బుల్లెట్ బరువు) వాడ్‌కటర్, అంటే మొన చదునుగా ఉండేది, వాడండి. రెండు కొనగలిగితే రేంజ్‌కు నాలుగంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న రూగర్ జీపీ100, కిలో దాటుతుంది, హాయిగా కాలుస్తారు. ఒక్కటే అంటే నా ఓటు మూడంగుళాల రూగర్ ఎస్పీ101కి: 700 గ్రాములు దాటుతుంది, మంచి బెల్టు ఉంటే రోజంతా మోయొచ్చు.

కుడిచేతి వాళ్లకు గుళ్లన్నీ కిందికి, ఎడమకు పోతున్నాయా?
పేలబోతోందని చెయ్యి ముందే బిగుసుకుంటోంది. మా బావమరిది సైట్లు (గురి చూసే భాగాలు) తిప్పించాలని పట్టుబట్టాడు. అతను చూడకుండా సిలిండర్‌లో (తూటాలు పెట్టే, తిరిగే భాగంలో) రెండు డమ్మీ రౌండ్లు, అంటే పేలనివి, కలిపి ఇచ్చాను. డమ్మీ మీద హ్యామర్ పడగానే తుపాకీ మూతి అంగుళం కిందికి వాలింది, తనే చూసుకున్నాడు. మూతి కదలకుండా ఉండేదాకా ఇలాగే చేయండి.

సిలిండర్ తిరగట్లేదా?
మూతి టార్గెట్ వైపే ఉంచి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. ఖాళీ చేశాక ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ (ఖాళీ కేసుల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క) కింద చూస్తే, కాలని తుపాకీ మందు పలుకులు ఆవగింజంత కూడా లేనివి కనిపిస్తాయి, అవే పట్టేస్తాయి. పాత టూత్‌బ్రష్ చాలు. ఇకపై మూతి పైకెత్తి ఖాళీ కేసులు (తూటా తొడుగులు) తోయండి. చాలా తేలికైన తుపాకుల్లో ఇంకోటి జరుగుతుంది: తన్నుకు బుల్లెట్ కేసులోంచి ముందుకు జారి సిలిండర్‌కు అడ్డం పడుతుంది. అప్పుడు అమ్యూనిషన్ (తూటాల రకం) మార్చాల్సిందే.

.357 మాగ్నమ్ రౌండ్ పూర్తిగా దిగట్లేదా?
.357 తుపాకీలో .38లూ కాల్చొచ్చు, కానీ ఆ పొట్టి తూటాలు ఎక్కువ కాల్చడంతో ఛాంబర్‌లో (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రంలో) మసి రింగులా గట్టిపడింది. సాల్వెంట్, ఛాంబర్ బ్రష్‌తో రుద్దండి, బలవంతంగా నొక్కొద్దు. .38 మాత్రమే అని రాసున్న తుపాకీలో .357 ఎప్పుడూ పెట్టొద్దు.

క్లిక్‌మని ఊరుకుందా?
మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. ట్రిగ్గర్ తేలికవ్వాలని స్ప్రింగులు మార్పించి ఉంటే కారణం ముందు అక్కడే వెతకండి. క్యారీ తుపాకీకి కంపెనీ స్ప్రింగులే ఉంచండి. క్లిక్ కాకుండా ‘టుప్’మని నీరసంగా మోగితే మాత్రం ఇంకో రౌండ్ కాల్చకండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, ఖాళీ చేసి గన్‌స్మిత్‌కు చూపించండి.