తెలుగూ ఒడియా మాట్లాడే బొమ్మ: చూసేవారి మెదడుకు తేడా ఎక్కడ తడుతుంది

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరున్న ఒడిశా పట్టణాలు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆరోగ్య కేంద్రాల్లో చూపడానికి, ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో చెప్పే కంప్యూటర్ బొమ్మను చేస్తున్నారనుకుందాం. ముఖం ఒకటే, భాషలు రెండు. బొమ్మ మనిషి కాదన్న సంగతి మెదడుకు ఇబ్బంది కాదు. ముఖం ఒక తీరుగా, కదలిక మరో తీరుగా ఉంటేనే చిక్కు.

ముఖం కనిపించిన సుమారు 170 మిల్లీసెకన్లకే మెదడు వెనకభాగంలో, కుడివైపు ఎక్కువగా, ముఖాన్ని గుర్తించిన విద్యుత్ స్పందన కనిపిస్తుంది. గీసిన ముఖానికీ అది వస్తుంది. ఆ ముఖం ఎలా కదలాలో కూడా మెదడు ముందే అంచనా కట్టుకుంటుంది. 2012లో వెలువడిన ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్) పరిశోధనలో మనిషిని, మనిషిని పోలిన రోబోను, తొడుగు తీసేసిన అదే రోబోను చూపించారు. రూపం మనిషిది, కదలిక యంత్రానిది అయినప్పుడే మెదడు స్పందన బాగా వేరుగా వచ్చింది. దాదాపు మనిషిలా ఉండీ పూర్తిగా మనిషిలా లేని రూపం వెగటు పుట్టిస్తుందని జపాన్ రోబో నిపుణుడు మసహిరో మోరి 1970లో చెప్పాడు, దాన్నే అన్‌క్యానీ వ్యాలీ అంటారు. దానికి ఇది ఒక వివరణ.

అందుకే చిన్న బృందమైతే గీసిన బొమ్మనే ఎంచుకోండి. నిజమైన చర్మంలా కనిపించే ముఖానికి పెద్ద కళ్లు పెడితే వెగటుగా ఉంటుంది. గీసిన ముఖానికి అవే కళ్లు నప్పుతాయి. రెప్పలు నిమిషానికి 15 నుంచి 20 సార్లు వాలాలి, అదీ సమాన వ్యవధిలో కాదు. మనిషి ముఖానికి యంత్రపు గొంతు వద్దు.

అసలు శ్రమ పెదవుల దగ్గర ఉంది. ప, బ, భ, మ పలికిన ప్రతిసారీ పెదవులు పూర్తిగా మూసుకోవాలి. 'అమ్మా', 'డబ్బా' లాంటి ఒత్తులున్న చోట ఆ మూత కాస్త ఎక్కువసేపు నిలవాలి. ఇంగ్లీషు కోసం చేసిన సాఫ్ట్‌వేర్ ఈ ఒత్తును తరచు మింగేస్తుంది, చేత్తో సరిదిద్దాల్సిందే. తెలుగుకు చేసిన పెదవుల కదలికను ఒడియా గొంతుకు అతికించకండి. ఒడియా 'అ'కు పెదవులు గుండ్రమవుతాయి: 'ఘర' అని రాసింది మన చెవికి 'ఘొరొ'లా వినిపిస్తుంది. ఈ సరిహద్దు జనంలో చాలామందికి రెండు భాషలూ వచ్చు కాబట్టి తేడా వెంటనే పట్టేస్తారు.

తర్వాత సమయం. మాట పెదవులకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం గుర్తిస్తారు. వెనకబడితే 125 వరకు సాధారణంగా తెలియదు. పర్లాకిమిడి దగ్గరి మహేంద్రతనయ నది ఒడ్డున దూరాన ఎవరైనా బట్ట బండకు కొడితే ముందు కనిపించి తర్వాత వినిపిస్తుంది కదా, మెదడు ఆ వరసకే అలవాటుపడింది. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కాబట్టి శబ్దాన్ని పెదవులకంటే ముందు రానివ్వకండి. తప్పనిసరైతే ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా రానివ్వండి. బ్లూటూత్ స్పీకరు సొంతంగా మరికొంత ఆలస్యం చేరుస్తుంది, అందుకని పరీక్ష వైరు స్పీకరుతోనే చేయండి.

తెలుగు ఇంటివాళ్లకూ ఒడియా ఇంటివాళ్లకూ విడివిడిగా చూపించండి. 'బాగుందా?' అని అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. 'ఎక్కడ చూపు ఆగింది?' అని అడగండి. ఏదో తేడాగా ఉందంటే శబ్దం ఆపి మళ్లీ చూపించండి. అప్పుడూ అలాగే అనిపిస్తే కళ్లు, చర్మం, రెప్పలు సరిచూడండి. శబ్దం ఆపగానే తేడా పోతే లోపం గొంతులోనో, పెదవుల్లోనో, సమయంలోనో ఉన్నట్టు.