జుజు సంగీతం వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: సైడుకు పటం గీసి, పెద్దల దగ్గర కూర్చోవడం

జుజు అంటే నైజీరియాలోని యొరూబా జనం విందుల్లో గిటార్లతో, డోళ్లతో సాగే సంగీతం. పోయిన పాఠంలో అలాంటి డిస్కు ఒకటి కడిగి, ఒక సైడు మొత్తాన్ని ఒకే ఫైలుగా కంప్యూటర్లోకి ఎక్కించాం. ఇప్పుడు మీ దగ్గర సుమారు 18 నిమిషాల ఫైలు ఉండాలి. ఈసారి దానికి నిమిషాలవారీ పటం గీస్తాం. ఆ పటం చేతిలో పెట్టుకుని, డిస్కు ఎవరింటిదో ఆ యొరూబా ఇంటి పెద్దల దగ్గరికి వెళతాం. నైజీరియా నగరం లేగోస్‌లో స్థిరపడి పొరుగింటివాళ్ల డిస్కులు అరువు తెచ్చుకున్న తెలుగువాళ్లకూ పద్ధతి ఇదే.

పటం ఎందుకంటే, "ఈ పాట వింటే మీకేం గుర్తొస్తుంది?" అని అడిగితే ఎవరైనా "ఆ రోజులే వేరు" అని నవ్వి ఊరుకుంటారు. అదే 11వ నిమిషంలో ఒక పేరు వినిపించిన చోట ఆపి "ఈయన ఎవరండీ?" అని అడగండి, మాట దానంతటదే కదులుతుంది. జుజు రికార్డులో ఇంటి జ్ఞాపకం దాక్కునేది పేర్ల దగ్గర, డోలు మాట్లాడిన దగ్గర. మిగతాదంతా వాటిని మోసుకొచ్చే పల్లకి.

ముందు మీ డిస్కు ఏ కాలంది?

1930లలో లేగోస్‌లో టుండే కింగ్ నాటికి జుజు అంటే ఒక గిటార్-బాంజో, షెకెరె (గవ్వలో పూసలో అల్లిన వల తొడిగిన ఎండు సొరబుర్ర), కంజిరలాంటి టాంబరీన్, గొంతులు. అంతే. మాట్లాడే డోలు (మాటల ఎత్తుపల్లాలను శ్రుతితో పలికించే డోలు, వివరం కింద వస్తుంది) 1948 ప్రాంతంలో చేరింది. ఆ మరుసటి ఏడాది అయిందే బకారే గిటారుకు కరెంటు తగిలించాడు. 1957లో బృందం కట్టిన ఐ.కె. డైరో అకార్డియన్ తెచ్చాడు. డైరో పాటలు ఎక్కువగా 45 ఆర్పీఎం చిన్న డిస్కులు. పక్కకు మూడు నిమిషాల పాట ఉంటుంది, దానికి పటం అక్కర్లేదు. మనకు కావలసింది ఆ తర్వాతి ఎల్‌పీలు, అంటే పెద్ద డిస్కులు. ఎబెనేజర్ ఒబే 1964లో, సన్నీ అడే 1967లో సొంత బృందాలు పెట్టారు. 1970లకొచ్చేసరికి ఒక సైడంతా ఆగకుండా సాగే వాయింపు మామూలైంది. తెల్లవార్లూ సాగే విందును 18 నిమిషాలకు కుదించినట్టు ఉంటుంది. లేబుల్ మీద నాలుగైదు పాటల పేర్లున్నా డిస్కు మీది గాడుల మధ్య ఖాళీ కనపడదు. 1982లో విదేశీ శ్రోతల కోసం వచ్చిన సన్నీ అడే 'జుజు మ్యూజిక్' మాత్రం విడివిడి ముక్కలు, మొత్తం ఏడు. అభ్యాసానికి అది పనికిరాదు. వినడానికి అంతకంటే హాయైనది లేదనుకోండి, అది వేరే సంగతి.

మొదటి వినికిడి: హద్దులు

ఫైలును ఆడాసిటీలో (శబ్దాన్ని దిద్దే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరవండి. పాట నడుస్తుండగా కంట్రోల్-ఎం నొక్కితే ఆ క్షణం దగ్గర చీటీ పడుతుంది. ఈ విడతలో మాటలు పట్టించుకోవద్దు. నాలుగు మార్పులు మాత్రమే గుర్తించండి: గిటార్లు ఒక్కటే ఉన్న చోటు, నాయకుడు పాడి వంత గొంతులు అందుకునే చోటు, గొంతులు ఆగి డోళ్లు ముందుకొచ్చే చోటు, మళ్లీ గిటారు ఏలే చోటు.

అందరూ తడబడేది ఇక్కడే. తాళం ఎక్కడా తెగదు కాబట్టి పాట మారినట్టు తెలియదు. అలాంటప్పుడు బాస్ గిటారును పట్టుకోండి. అది ఒకే నాలుగు స్వరాల వరస తిప్పుతూ తిప్పుతూ హఠాత్తుగా వరస మార్చిందంటే లేబుల్ మీది తర్వాతి పాట మొదలైనట్టే. సెల్‌ఫోన్ స్పీకరులో బాస్ వినపడదు, ఇయర్‌ఫోన్లు తప్పవు. సైడుకు ఎనిమిది నుంచి పన్నెండు చీటీలు పడితే సరిపోయినట్టు. ముప్ఫై పడ్డాయంటే మీరు గిటారు విరుపులకు కూడా చీటీలు వేస్తున్నారన్నమాట.

రెండో వినికిడి: పేర్లు

యొరూబా రాకపోయినా పేర్లు పట్టుకోవచ్చు. 'ఒమొ' అన్న మాట కోసం చెవి పెట్టండి. 'బిడ్డ' అని అర్థం. పొగడ్తలో ఫలానా ఊరి బిడ్డ, ఫలానా వంశపు బిడ్డ అని వరసగా వస్తుంది. అర నిమిషంలో నాలుగుసార్లు 'ఒమొ' వినిపిస్తే మీరు ఎవరి వంశావళిలోనో ఉన్నారు. దాన్ని 'ఒరికీ' అంటారు, వంశ ప్రశస్తి. 'ఒలోయె' (బిరుదున్న పెద్దమనిషి), 'అలహాజీ', 'బాబా', 'ఇయా', 'మామా' వచ్చినా చీటీ వేయండి, వాటి వెనకాలే పేరుంటుంది. అయితే 'ఇయా' తర్వాత వచ్చేది తరచుగా ఆవిడ పేరు కాదు, బిడ్డ పేరు. 'ఇయా టుండే' అంటే టుండే వాళ్లమ్మ. మనూళ్లల్లోనూ పెద్ద కొడుకు పేరు పెట్టి "సీనుగాడి వాళ్లమ్మా" అని పిలవడం లేదూ? ఆ లెక్కే. దీన్ని ఆవిడ పేరుగా రాసుకుంటే ఇంటి చెట్టులో ఒక తరం తలకిందులవుతుంది.

విన్నది తెలుగు లిపిలో రాసుకోండి చాలు. స్పెల్లింగ్ పెద్దవాళ్లు చెబుతారు.

మూడో వినికిడి: డోలు ఏమంటోంది

ఈ పాఠానికి ప్రాణం ఇదే, తొందరపడొద్దు.

మాట్లాడే డోలు మన డమరుకం ఆకారంలోనే ఉంటుంది, పరిమాణంలో చాలా పెద్దది. రెండు ముఖాల చర్మాలనూ కలుపుతూ చుట్టూ తోలు తాళ్లుంటాయి. వాయించేవాడు దాన్ని చంకలో పెట్టి నొక్కితే తాళ్లు బిగిసి శ్రుతి పెరుగుతుంది, వదిలితే దిగుతుంది. రెండో చేతిలో కొక్కెంలా వంగిన కర్ర. జుజులో ఎక్కువగా వినపడేది చిన్నసైజు 'గంగన్'. దుందున్ కుటుంబంలో పెద్దది 'ఇయాలు', అంటే తల్లి డోలు.

యొరూబాలో ప్రతి అచ్చుకూ మూడు స్థాయిల్లో ఒకటి ఉంటుంది: కింది, మధ్య, పై. అక్కడి బడుల్లో వాటికి డో, రే, మీ అని నేర్పుతారు. మనం స, రి, గ అనుకుందాం. 'ఒకొ' అన్న మాటనే తీసుకోండి. రి-రి అంటే భర్త. రి-గ అంటే పార. రి-స అంటే బండి. స-స అంటే ఈటె. పాటగా కాకుండా మామూలు మాటలా, గొంతు మాత్రం మార్చి, ఒక్కోటి పదిసార్లు అనండి.

డోలు దగ్గర అచ్చూ హల్లూ పోయి ఈ స-రి-గలే మిగులుతాయి. ఇల్లు అనే 'ఇలే' కూడా రి-గ. కాబట్టి డోలు మీద ఇల్లూ పారా ఒకటే. మనుషుల ముద్దుపేర్ల సంగతి ఇంకా చిత్రం. మగవాళ్ల అయిందే, అజానీ, అలాబీ, ఆడవాళ్ల అషాకె, అబెకె, ఇవన్నీ స-స-గ. అజొకె ఒక్కటి స-రి-గ. అంటే రికార్డులో డోలు స-స-గ అనగానే "ఇది అయిందే" అని రాసేస్తే తప్పులో కాలేసినట్టే. ఈ చిక్కు తెలుసు కాబట్టే డోలు వాయించేవాళ్లు ఒంటి మాట వాడరు. అందరి నోళ్లలో నానిన పొడుగాటి పదబంధం వాయిస్తారు. ఆ పదబంధం తెలిసినవాడికే పేరు తడుతుంది. అందుకే డోలు చెప్పింది మీరు అర్థం చేసుకోనక్కర్లేదు, ఎక్కడ చెప్పిందో గుర్తు పెడితే చాలు. అర్థం చెప్పేది ఆ ఇంటివాళ్లు.

డోలు మాటా, ఉత్త దరువా? తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఒక వరస అచ్చుగుద్దినట్టు నాలుగుసార్ల కంటే ఎక్కువ తిరిగితే దరువు. పొడవు మారుతూ, మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఆగుతూ ఉంటే మాట. గాయకుడు ఒక వాక్యం పాడి ఆపగానే డోలు అదే ఎత్తుపల్లాలతో తిరిగి అంటే అది తిరుగులేని మాట. మీ చెవికి మొదటి ఆసరా అదే. ముక్కను నెమ్మదిగా వినాలంటే ఆడాసిటీలోని 'ఛేంజ్ టెంపో'తో వేగాన్ని 30 శాతం తగ్గించండి. వేగంతో పాటు శ్రుతినీ దించే సాధనం వాడితే స మరీ అడుగుకు దిగి కాంగాల్లో (చేత్తో వాయించే పొడవాటి డోళ్లు) కలిసిపోతుంది. క్యాసెట్ కాపీ కొంచెం వేగంగా నడుస్తోందని దిగులు పడొద్దు, అన్ని స్థాయిలూ కలిసే పెరుగుతాయి గనక తేడా అలాగే ఉంటుంది. ఏ స్వరాన్నైనా దాని పక్క స్వరంతోనే పోల్చండి. పావుగంట కిందటి 'గ'తో కాదు.

పటం పేజీ

మచ్చుకు ఇలా ఉండాలి (ఇది నమూనా, ఏ రికార్డుదీ కాదు):

0:00 గిటార్లు. 1:10 పాట 1, వంత. 4:35 బాస్ మారింది, పాట 2. 6:20 'ఒమొ' ఐదుసార్లు, పేరు 'అడెబా...'? 7:05 'ఇయా' + పేరు. 9:40 డోలు మాట, గాయకుడి వెనకాలే. 12:15 డోలు ఒక్కటే, మాట? 14:00 స్టీల్ గిటారు. 17:50 మెల్లగా తగ్గి ఆగింది.

కుడిపక్క సగం పేజీ ఖాళీగా వదలండి, ఇంటివాళ్ల మాటలకు.

పెద్దల దగ్గర

యొరూబాలో పెద్దలను 'ఎ' అని బహువచనంలోనే పిలుస్తారు, మన 'మీరు' లాగే. మధ్యాహ్నం వెళితే "ఎ కాసాన్" అనండి. పేరు పెట్టి పిలవద్దు. ఇంటి కుర్రవాళ్లు ఎలా పిలుస్తున్నారో విని మీరూ అలాగే పిలవండి. రికార్డరు ఆన్ చేసే ముందు అడగండి.

సైడు మొత్తం ఒకసారి ఆపకుండా వినిపించండి. ప్రశ్నలు వేయకుండా వాళ్లను చూడండి. ఎక్కడ తల ఊగింది, ఎక్కడ పెదాలు కదిలాయి, ఎక్కడ పక్కవాళ్ల వంక చూసి నవ్వారు, ఆ నిమిషం రాసుకోండి. మీ చీటీలు లేని చోట వాళ్ల ముఖం కదిలిందంటే మీరు వదిలేసిన పేరు అక్కడ ఉంది. రెండోసారి ఆ చోట్ల మాత్రమే ఆపండి. ఒక్కో చోటా మూడు ప్రశ్నలు చాలు: ఎవరి పేరు ఇది? మీకు ఏమవుతారు? ఈ డిస్కు ఏ విందులో పెట్టేవాళ్లు?

విందు దగ్గరికొచ్చాక వివరం అడగండి. బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు పేరు పెట్టే పండగా, పెళ్లా, పండు ముసలివాళ్లు పోయినప్పటి పెద్ద విందా? 'అసొ ఎబి' ఏ రంగు? (అయినవాళ్లంతా ఒకే తానులోంచి కుట్టించుకునే బట్ట అది.) బట్ట రంగు ఎవరూ మరచిపోరు, సాలు మాత్రం అందరూ మరచిపోతారు. ఆ బట్టకు డబ్బు ఎవరిచ్చారు, ఎవరికి అందలేదు అన్న ప్రశ్న మాత్రం పదిమందిలో వేయొద్దు. పాత అలకలు లేస్తాయి.

సాలు పట్టుకోవడానికి సూటిగా "ఏ ఏడు?" అనకండి. గట్టి గుర్తులు నాలుగున్నాయి. 1970 జనవరిలో నైజీరియా అంతర్యుద్ధం ముగిసింది. 1972 ఏప్రిల్ 2న బండ్లు రోడ్డుకు కుడిపక్కకు మారాయి. 1973 జనవరి 1న పౌండ్లు, షిల్లింగులు పోయి నైరా వచ్చింది. 1977 జనవరి–ఫిబ్రవరిలో లేగోస్‌లో ఫెస్టాక్ అనే ఆఫ్రికా కళల ఉత్సవం జరిగింది. "నాట్యం చేసేవాళ్ల నుదుటికి అంటించింది షిల్లింగు నోట్లా, నైరాలా?" అంటే జవాబు టక్కున వస్తుంది. వచ్చిన జవాబు విందు తేదీ, డిస్కు తేదీ కాదు. మంచి డిస్కు పదేళ్లయినా తిరుగుతూనే ఉంటుంది గనక రెండూ వేర్వేరు గడుల్లో రాయండి.

ఇద్దరు పెద్దలు ఒకే పేరుకు ఇద్దరు మనుషులను చెబితే? రెండూ రాసి, పక్కన ఎవరు చెప్పారో రాయండి. తీర్పు మీది కాదు. గాయకుడు పొగిడినది లేగోస్ శ్రీమంతుడినే అయినా, అదే పేరున్న తమ బాబాయినే పొగిడాడని ఒక ఇల్లంతా యాభై ఏళ్లుగా నమ్మి ఉండవచ్చు. ఆ నమ్మకం కూడా ఆ ఇంటి చరిత్రలో భాగమే, కొట్టేయకండి.

కొందరు పాటలోని కథ చెప్పడం మొదలుపెడతారు. ఒబే పాడిన తండ్రీకొడుకులూ గుర్రమూ కథ అలాంటిదే. ఎక్కినా తిట్టారు, దిగినా తిట్టారు అన్న ఆ కథ మనవాళ్లకూ గాడిదతో తెలుసు. దాన్ని మధ్యలో తుంచకండి. కథ అయ్యాక "ఇది మీకు మొదట ఎవరు చెప్పారు?" అనండి. పాట కంటే ముందు నాయనమ్మ పేరు రావచ్చు.

ఈ వారం పని: ఒక్క సైడుకు పటం, అందులో కనీసం మూడు పేర్లు, ఒక డోలు మాట చోటు. వచ్చే పాఠానికి ఆ ఇంటి విందు ఫోటోలు రెండు దగ్గర పెట్టుకోండి. అసొ ఎబి రంగును పటంలోని నిమిషాలతో కలుపుదాం. ఫోటో నలుపు-తెలుపు అయితే బట్ట ముక్క ఏమైనా ట్రంకుపెట్టె అడుగున ఉందేమో ముందే అడిగి పెట్టుకోండి.