తుపాను కాలానికి ముందు దీవిలో ఉండేవాళ్లు చూసుకోవాల్సినవి

మందులు: అన్నిటికంటే ముందు ఇవే. తిండి సరుకులైతే పక్కింట్లో బదులు తెచ్చుకోవచ్చు, మీ మందు దొరకదు. కనీసం నెలకు సరిపడా ఉంచుకోండి. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి, అలాగని ఐసుకు ఆనించి పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టిందా, ఇక పారేయాల్సిందే.

సరుకులు: ఒక ఓడ రాకపోయినా గడిచేంత. గాలివాన తగ్గినా, జెట్టీ దెబ్బతింటే ఓడ ఆనదు.

నీళ్లు: మనిషికి రోజుకు 4 లీటర్లు, రెండు వారాలకు. బావి మోటారుకూ కరెంటే కావాలి మరి.

జనరేటర్: వరండాలో కూడా వద్దు, కిటికీలకు 6 మీటర్ల అవతలే. దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

డబ్బు: చిల్లర నోట్లు. టవర్ పడితే ఫోన్‌తో చెల్లింపులు కుదరవు.