తాడ్వాయి అడవిలో జంతువుల సర్వే: టీమును ఎట్లా నడపాలి

తాడ్వాయి అడవి ఉన్న ఏటూరునాగారం అభయారణ్యంలో సర్వే అనగానే కొత్త వాలంటీర్లు కెమెరాల గురించి అడుగుతారు. నేను తారీఖుల దగ్గర మొదలుపెడతాను. దేశవ్యాప్త పులుల లెక్క నాలుగేళ్లకోసారి జరుగుతుంది: 2018, 2022, 2026. మేడారం జాతర రెండేళ్లకోసారి, అదీ సరి సంవత్సరాల్లోనే. అంటే లెక్క ఏడాది ఎప్పుడూ జాతర ఏడాదే. ఆ రోజుల్లో తాడ్వాయి చుట్టూ జీపు కిరాయికి దొరకదు, ఫారెస్టు సిబ్బందికి జాతర డ్యూటీలు పడతాయి, రోడ్డు పొడవునా బండ్ల మోత. జాతరకు ముందూ వెనకా కొన్ని రోజులు వదిలేసి ప్లాన్ వేసుకోండి. మార్చి వస్తే ఇప్పపూల టెన్షన్. ఊళ్లవాళ్లు తెల్లారకముందే పూలు ఏరడానికి వస్తారు, ఎలుగుబంట్లూ ఆ చెట్ల కిందికే వస్తాయి. అందుకే ఆ కాలంలో చీకట్లో ఎవరినీ సర్వే లైను మీదికి పంపను.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కాయితం లేనిదే లోపలికి పోలేం. దానికి ముందే అర్జీ పెట్టుకోండి.

అసలు కష్టం జట్లు కట్టడంలో ఉంది. ఒక్కో ట్రాన్సెక్ట్ లైనుకు, అంటే జంతువులను లెక్కపెడుతూ నడిచే దారికి, ముగ్గురు చాలు. దారి తెలిసిన కోయ వాచర్ ముందు, దూరం కొలిచేవాళ్లు మధ్యలో, షీటు రాసేవాళ్లు వెనక. హన్మకొండ నుంచి కలిసి వచ్చిన దోస్తులను ఒకే లైనుకు వేయొద్దు, ముచ్చట్లు ఆగవు. వాచర్ అన్న ఆగమంటే ఆగాలి, ఎందుకని అక్కడ అడగొద్దు.

లైను రెండు కిలోమీటర్లు, తిన్నగా ఉంటుంది. వెలుతురు రాగానే నడక. దుప్పుల మంద కనబడితే ఎన్ని ఉన్నాయో, రేంజ్‌ఫైండర్‌లో (దూరం కొలిచే పరికరం) ఎంత దూరమో, దిక్సూచిలో ఏ దిశో రాయాలి. దూరం ఎక్కడికి కొలవాలన్న దగ్గరే తడబాటు. మొదట కనబడినప్పుడు అవి ఉన్న చోటికి కొలవాలి, ఉరికి ఆగిన చోటికి కాదు. ఉరికిన చోటికి కొలిస్తే లైనుకు దగ్గరున్నవి కూడా దూరాన ఉన్నట్టు షీటుకెక్కి, చివరికి అడవిలో ఉన్నవాటికంటే తక్కువ తేలతాయి. చిన్న ఉపాయం చెప్తాను: మంద కనబడగానే దాని పక్కనున్న నల్లమద్దో టేకో ఒక చెట్టును కళ్లతో పట్టుకోండి. జంతువులు పోయినా చెట్టు పోదు, నింపాదిగా దానికి కొలుచుకోవచ్చు.

చెట్టు పోదన్నానుగానీ, 2024 ఆగస్టు 31 గాలివానకు తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు ఒక్కసారే కూలాయి. కాబట్టి పాత జీపీఎస్ ట్రాకు ఇచ్చి టీమును పంపేయొద్దు. వారం ముందే వాచర్లతో లైను నడిపించి, అడ్డాలుంటే తీయించండి. ముందురోజు కొట్టిస్తే ఆ చప్పుడుకు జంతువులు పక్కకు తప్పుకుంటాయి.

పెంట దొరికితే చిరుతదా రేసుకుక్కదా అని దారిలో పంచాయితీ పెట్టొద్దు. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ రాసి కదలండి.

ఇక కెమెరా ట్రాపులు, అంటే ముందు ఏదైనా కదిలితే వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు. పులి చారలు రెండు పక్కలా ఒకేలా ఉండవు, అందుకే దారికి రెండు వైపులా జంటగా కడతాం. సరిగ్గా ఎదురెదురుగా పెడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని ఫొటోను చెడగొడుతుంది, కాస్త ఏటవాలుగా కట్టాలి. ఎత్తు మోకాలి దాకా. కట్టినాక ఫొటో పడుతుందో లేదో తెలియడానికి ఒకరు జంతువులా నాలుగు కాళ్ల మీద ముందు నుంచి పాకి చూడాలి. అందరూ నవ్వుతారు, నవ్వనీండి. రెండు కెమెరాల్లో తారీఖు, టైము ఒకటే ఉన్నాయా చూసి, స్టేషన్ (కెమెరాలు కట్టిన చోటు) నంబరు రాసిన కాయితాన్ని మొదటి ఫొటోగా తీయండి. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగిన ప్రతిసారీ ఒక ఫొటో. కార్డు నిండా గడ్డే మిగులుతుంది.

లోపల ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏ టీము ఏ లైను మీదుందో, ఎన్నింటికి తిరిగి రావాలో బేస్ క్యాంపు గోడ మీద రాసిపెట్టండి. టైము దాటితే ఎవరు వెతకడానికి పోవాలో కూడా పొద్దున్నే చెప్పండి.

సాయంత్రం చాయ్ తాగేటప్పుడే షీట్లన్నీ ముందేసుకుని ఖాళీ గడులు పూర్తి చేయించండి. రేపు రాస్తాంలే అన్నవాళ్లకు మంద సైజు గుర్తుంటుంది, దిశ గుర్తుండదు. కార్డులను ఆ రాత్రే రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. వాచర్ల కూలి ఏ రోజుది ఆ రోజే చేతికివ్వండి, బిల్లు పాసయ్యేదాకా ఆపొద్దు. దానికి నగదు ములుగులోనే తీసి పెట్టుకోండి.