మిల్లు కంపెనీలో పొత్తు చెడితే: వాటాదారును బయటికి పంపేదెట్లా?

మిర్యాలగూడ రైస్ మిల్లయినా, జడ్చర్ల వైపు జిన్నింగ్ మిల్లయినా గొడవ మొదలుకాగానే చూడాల్సింది రిజిస్ట్రేషన్ కాగితం. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే డీడ్ చూసుకోవాలి, దాని చట్టం వేరు. ఈ కింద చెప్పేదంతా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకే.

డైరెక్టరుగా తీసేస్తే మనిషి పోయినట్టే అనుకుంటారు. పోడు. పదవి పోతుంది, షేర్లు అతని పేరు మీదే ఉంటాయి, డివిడెండూ ఓటూ అతనివే. ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ సొంత నియమావళిలో, ముందే రాసుకోకపోతే, ఎక్కువ వాటా చేతిలో ఉన్నా చిన్న వాటాదారును తీర్మానంతో వెళ్లగొట్టలేరు. మామూలుగా అతను అమ్మాలి, లేదా కంపెనీ గొడవలు తేల్చే ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) అమ్మించాలి.

పదవి తీయడానికి 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 169 ఉంది. 1 శాతం ఓటింగ్ గానీ, 5 లక్షల రూపాయల చెల్లించిన మూలధనం గానీ ఉన్న సభ్యులు (వాటాదారులు) తమ మీటింగ్‌కు కనీసం 14 రోజుల ముందు కంపెనీకి ప్రత్యేక నోటీసు ఇవ్వాలి. దాని కాపీ ఆ డైరెక్టరుకు పంపాలి, మీటింగ్‌లో మాట్లాడనివ్వాలి. తర్వాత మామూలు మెజారిటీ చాలు. 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర డీఐఆర్-12 ఫారం ఫైల్ చేయాలి. బోర్డు వాటాదారుల మీటింగే పెట్టకపోతే, 10 శాతం ఓటింగ్ ఉన్నవాళ్లు సెక్షన్ 100 కింద అడగవచ్చు; 21 రోజుల్లో బోర్డు పిలవకపోతే వాళ్లే పిలుచుకోవచ్చు. వాటాదారులకు పంపే మీటింగ్ నోటీసు గడువు 21 పూర్తి రోజులు. పోస్టులో పంపితే మరో రెండు రోజులు కలుపుకోండి. ఈ లెక్క తప్పితే తీర్మానం చెల్లకుండా పోవచ్చు.

ఇద్దరే సభ్యులున్న కంపెనీలో చిక్కు ఇంకోటి. మీటింగ్‌కు కనీసం ఉండాల్సిన మంది (కోరం) ఇద్దరు కాబట్టి రెండోవాడు రాకుండా కూర్చుంటే మీటింగ్ జరగదు. అప్పుడు సెక్షన్ 98 కింద ఎన్‌సీఎల్‌టీని ఆశ్రయిస్తే, ఒక్కరున్నా కోరమే అని ఆదేశించగలదు.

కొత్త షేర్లు తమ పేరున రాసుకుని అవతలివాడి శాతం తగ్గించే ఉపాయం జోలికి పోవద్దు. డేల్ అండ్ కారింగ్టన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి కేటాయింపును అణచివేతగానే చూసింది.

ఇక అసలు పని ధర తేల్చడం. ఇద్దరూ ఒప్పుకున్న రిజిస్టర్డ్ వాల్యూయర్‌ను పెట్టుకోండి, ఫలానా తేదీ నాటి లెక్క అని ముందే రాసుకోండి. రైస్ మిల్లులో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: గోదాంలో ఉన్న సీఎంఆర్ ధాన్యాన్ని (బియ్యం ఆడించి ఇవ్వమని సర్కారు ఇచ్చినదాన్ని) కంపెనీ ఆస్తిగా కలిపేస్తారు. అది సర్కారు ధాన్యం. తిరిగి ఇవ్వాల్సిన బియ్యం బాకీ ఎంతో తేలకుండా ధర కట్టకండి. ఆదాయ పన్ను నిబంధనల విలువకన్నా తక్కువ చూపితే అమ్మినవారికీ కొన్నవారికీ పన్ను పడుతుంది.

పెద్దమనుషుల పంచాయతీలో 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకున్నది మాట నిలబెట్టడానికి పనికొస్తుందేమో గానీ, దాంతో షేర్లు మారవు. కాగితం షేర్లకు ఎస్‌హెచ్-4 అనే బదిలీ ఫారం కావాలి. స్టాంప్ డ్యూటీ ధర మీద 0.015 శాతం, అంటే 10 లక్షలకు 150 రూపాయలే. సంతకాలైన 60 రోజుల్లో పాత సర్టిఫికెట్‌తో కంపెనీకి ఇవ్వాలి, బోర్డు ఆమోదించి సభ్యుల రిజిస్టర్‌లో ఎక్కించాలి. మూలధనం, టర్నోవర్ లెక్కన చట్టం చెప్పే చిన్న కంపెనీ పరిధి దాటితే షేర్లు ముందు డీమ్యాట్ (ఎలక్ట్రానిక్ రూపం) చేయించాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

మాట కుదరకపోతే నల్లగొండ సివిల్ కోర్టుకు పోయి లాభం లేదు. ట్రిబ్యునల్ తేల్చాల్సినవాటిని సెక్షన్ 430 ఆ కోర్టులకు దూరం పెట్టింది. ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్‌లో, అణచివేత జరుగుతోందని సెక్షన్ 241 కింద పిటిషన్ వేయాలి. దానికి పదో వంతు షేర్లు గానీ, సభ్యుల్లో పదో వంతు మంది గానీ కావాలి. తక్కువైతే మినహాయింపు అడగాలి. 242 కింద ఒకరి షేర్లు ఇంకొకరు కొనాలని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. మినిట్స్, రిజిస్టర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ల కాపీలు గొడవ ముదరకముందే తీసిపెట్టుకోవాలి.

వెళ్లేవాడు మరిచేది బ్యాంకు గ్యారంటీ. షేర్లు అమ్మినంత మాత్రాన సీసీ లిమిట్‌కు (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పుకు) పెట్టిన సంతకం, తనఖా పెట్టిన భూమి విడుదల కావు. బ్యాంకు నుంచి విడుదల లేఖ చేతికొచ్చాకే ఎస్‌హెచ్-4 మీద సంతకం పెట్టాలి.